ఆ ఒక్క బటన్‌ని నమ్ముకుని

మా బంధువుల్లో కంప్యూటర్ గురించి ఎవరికి ఏ అనుమానం వచ్చినా నాకే ఫోన్ చేస్తారు. ఆ నమ్మకం నాకు ఇష్టంగానే ఉండేది. దాని బరువెంతో తెలుసుకోకుండా ఒక విషయంలో తొందరపడ్డాను. నా తెలివితక్కువతనానికి మా మేనకోడలు మూల్యం చెల్లించింది. అందుకే జరిగింది జరిగినట్టు చెప్పుకుంటున్నాను.

కథ ఎపిక్ అనే బ్రౌజర్‌తో మొదలైంది. బెంగళూరుకు చెందిన హిడెన్ రిఫ్లెక్స్ అనే చిన్న సంస్థ 2010లో దాన్ని తెచ్చింది. మొదట ఫైర్‌ఫాక్స్ పునాది మీద, భారతీయ భాషల్లో టైపు చేసుకునే వీలుతో వచ్చింది. 2013లో గూగుల్ క్రోమ్‌కి ఆధారమైన క్రోమియం పునాదికి మారి, ప్రైవసీయే ప్రధానంగా కొత్త రూపు దిద్దుకుంది. మూసేయగానే హిస్టరీ, కుకీలు చెరిగిపోతాయి. మన వెంటపడే ప్రకటనల ట్రాకర్లను అడ్డుకుంటుంది. అన్నిటికీ మించి, వీపీఎన్ అందులోనే ఉంది. వేరే చందా కట్టక్కర్లేదు, బటన్ నొక్కితే చాలు. మనవాళ్లు చేసిందన్న అభిమానం దీనికి తోడైంది.

ప్రైవసీ అంటే నాకు మొదటి నుంచీ పట్టింపు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం అది ప్రాథమిక హక్కేనని తేల్చినప్పుడు ఎంతో సంతోషించాను. ఆ హక్కును కాపాడే పనిముట్టు చేతికి దొరికిందనుకున్నాను. అది ఏం చేస్తుందో చూసుకున్నాను కానీ, ఏం చేయలేదో చూసుకోలేదు. నా తప్పంతా అక్కడే ఉంది.

వీపీఎన్ బటన్ నొక్కగానే నెట్ కనెక్షన్ ఇచ్చినవాడికి మనం ఏ సైట్లు చూస్తున్నామో కనిపించదు. ఎక్కడో ఉన్న ఒక సర్వర్‌తో మాట్లాడుతున్నామని మాత్రమే తెలుస్తుంది. అవతలి సైటుకు మన ఐపీ అడ్రస్‌కి బదులు ఆ సర్వర్ అడ్రస్ కనబడుతుంది. రైల్వేస్టేషన్ వైఫైలోనో, లాడ్జి వైఫైలోనో ఇది నిజంగా పనికొచ్చే రక్షణ. నేను మాత్రం దీన్ని పట్టుకుని అసలు ఎవరికీ కనపడనని తీర్మానించుకున్నాను.

వీపీఎన్ పెట్టుకుని నా మెయిల్‌లోకి లాగిన్ అయ్యేవాణ్ణి. పేరు, పాస్‌వర్డ్ నేనే ఇచ్చాక ఆ కంపెనీకి నేనెవరో తెలియకుండా ఎలా ఉంటుంది? బ్రౌజర్‌లోని వీపీఎన్ ఆ బ్రౌజర్‌కే పరిమితమని, కంప్యూటర్‌లోని మిగతా ప్రోగ్రాములు మామూలు దారిలోనే వెళ్తాయని కూడా ఆలోచించలేదు. ఐపీ అడ్రస్ దాచినా స్క్రీన్ సైజు, ఫాంట్లు, టైమ్ జోన్ లాంటి వివరాలన్నీ కలిపి బ్రౌజర్‌ని గుర్తుపట్టొచ్చు. అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లోనే దీన్ని పరీక్షించింది. చూసిన బ్రౌజర్లలో 83.6 శాతం మరి దేన్నీ పోలని గుర్తులతో దొరికిపోయాయి. ఈ సంగతి నేను ఎప్పుడో చదివాను. చదివింది నాకూ వర్తిస్తుందని మాత్రం తోచలేదు.

ఈ అజ్ఞానం నాతో ఆగి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. దసరాకి ఇంటికొచ్చిన మేనకోడలు భోజనాలయ్యాక నా పక్కన కూర్చుని అడిగింది. "మావయ్యా, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వేరే కంపెనీల ఉద్యోగాలు చూసుకుంటే మావాళ్లకి తెలుస్తుందా?"

"ఇలా ఇవ్వమ్మా" అని ల్యాప్‌టాప్ తీసుకుని ఆ బ్రౌజర్ నా చేత్తోనే ఎక్కించాను. వీపీఎన్ ఆన్ చేసి, ఐపీ అడ్రస్ చూపించే సైటు తెరిచాను. ఊరి పేరు దగ్గర అమెరికాలోని ఏదో నగరం వచ్చింది. "చూశావా, ఇప్పుడు నువ్వక్కడ ఉన్నట్టు లెక్క. ఇంకెవరికీ కనపడదు" అన్నాను. తను నమ్మింది. అడిగింది నన్ను కాబట్టి నమ్మింది.

కొన్నాళ్లకి ఆఫీసులో పిలిచారు. అనుమతి లేని సాఫ్ట్‌వేర్ ఎందుకు ఎక్కించావని, బయటి వీపీఎన్ ఎందుకు వాడావని అడిగారు. తను చూసిన ఉద్యోగాల పేజీలు కూడా వాళ్ల దగ్గరున్నాయి. ఆ ల్యాప్‌టాప్‌లో కంపెనీ పెట్టిన నిఘా ప్రోగ్రామ్ ఉంది. వీపీఎన్ కాపాడేది యంత్రం దాటి బయటికి వెళ్లే సమాచారాన్ని. లోపలే ఉన్న ప్రోగ్రామ్‌కి తెర మీద ఏముందో నేరుగా కనిపిస్తుంది. పైగా బయటి వీపీఎన్ వాడటమే అక్కడివాళ్ల దృష్టి తన మీద పడేలా చేసింది. దాచాలని నేను పెట్టిందే పట్టించింది.

తనకి హెచ్చరిక లేఖ ఇచ్చారు. ఆ ఏడాది రావలసిన ప్రమోషన్ రాలేదు. ఫోన్‌లో తను నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "నువ్వు చెప్పావు కదా మావయ్యా, అందుకే ధైర్యం చేశాను" అంది. క్షమించమని అడిగాను. క్షమించింది కూడా. కానీ ఆ ల్యాప్‌టాప్ ఎవరిదన్న ప్రశ్న ఆ రోజు నాకు ఎందుకు రాలేదని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

తప్పు బ్రౌజర్‌ది కాదు. దానికి లేని శక్తిని దానికి అంటగట్టింది నేను. ఆ తర్వాతే ఈ విషయం మీద పట్టుగా కూర్చుని చదివాను. వీపీఎన్ వాడటమంటే ఇంటి తాళంచెవి ఒకరి దగ్గర నుంచి తీసి మరొకరి చేతికివ్వడమే. నెట్ కంపెనీ చూడగలిగినదాన్ని ఇక నుంచి వీపీఎన్ నడిపేవాడు చూడగలడు. కాబట్టి అతనెవరో, ఖర్చెలా గడుస్తోందో తెలియాలి. హోలా అనే ఉచిత వీపీఎన్ తన వాడకందారుల కనెక్షన్లనే మరో పేరుతో ఇతరులకు అమ్ముతోందని 2015లో బయటపడింది. ఫేస్‌బుక్ 2013లో కొన్న ఒనావో వీపీఎన్, జనం ఏ యాప్‌లు వాడుతున్నారో ఆ కంపెనీకి చేరవేసింది. 2018లో అది యాపిల్ యాప్ స్టోర్ నుంచి పోయింది. రెండూ రక్షణ పేరుతో జనంలోకి వెళ్లినవే.

చట్టం సంగతీ ఉంది. మన ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ సంస్థలు ఖాతాదారుల పేర్లు, చిరునామాలు, ఐపీ అడ్రస్‌లు అయిదేళ్లు దాచాలి. దానికి ఒప్పుకోక ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్ లాంటివి ఇక్కడి సర్వర్లను తీసేశాయి. ఇక చిన్న బ్రౌజర్లకు మరో కష్టముంది. క్రోమియంలో దొరికిన భద్రతా లోపాలకు దిద్దుబాట్లు వస్తూనే ఉంటాయి. 2023 ఆగస్టు నుంచి క్రోమ్‌కి వారం వారం ఇస్తున్నారు. వాటిని తమ బ్రౌజర్‌లోకి వెంటవెంటనే తెచ్చుకోవడం కొద్దిమంది ఉన్న సంస్థకు తేలిక కాదు. ప్రైవసీ ఎంత బాగున్నా, దిద్దుబాట్లు ఆలస్యమైతే దొంగకి తలుపు తెరిచి ఉన్నట్టే.

ఇప్పుడు నా తీర్పు ఇది. ఇలాంటి బ్రౌజర్ బయటి వైఫైలో వార్తలు చదవడానికి, ప్రకటనల వేట తప్పించుకోవడానికి బాగా పనికొస్తుంది. బ్యాంకు పనికి, లాగిన్ అయ్యే పనికి దాన్ని వాడను. నిజంగా ఎవరికీ తెలియకూడని పని ఉన్నవాళ్లు టోర్ బ్రౌజర్ గురించి తెలుసుకోవాలి. అందులో సమాచారం మూడు మజిలీల మీదుగా వెళ్తుంది, ఏ ఒక్క మజిలీకీ అంతా తెలియదు.

ఇంట్లో పదిమందికి సలహా చెప్పే నాలాంటివాళ్లకు ఒక్క విన్నపం. ఎవరైనా "ఇది సురక్షితమేనా?" అని అడిగితే అవునని చెప్పేముందు, ఎవరి నుంచి దాచాలి, యంత్రం ఎవరిది, దొరికితే నష్టం ఎంత అని అడగండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సొంత పని చేయొద్దని మాత్రం ఏ ప్రశ్నా అడగకుండానే చెప్పండి.