చెవికి ఆఖరి వరసలో కుర్చీ

చిన్న ఆడియో షాపులో అద్దాల వెనక నాలుగు బ్రాండ్లు మెరుస్తుంటే, యజమాని చెవి వడపోసి ఏరిన ఆణిముత్యాలవి అనుకుంటాం. ఆయన కూడా అలా అనుకోవాలనే కోరుకుంటాడు. నిజానికి ఆ ఎంపిక పాతకాలపు పెళ్లిచూపుల్లా సాగుతుంది. చూడ్డానికి వచ్చేది బ్రాండు, తల వంచుకుని కూర్చునేది షాపు. మధ్యలో పెళ్లిళ్ల పేరయ్య డిస్ట్రిబ్యూటర్. షాపు ముందు భాగం ఎన్ని అడుగులు, డెమో గది ఉందా, బజార్లో పరపతి ఎంత అని ఆయన ఆరా తీస్తాడు. తర్వాత కట్నకానుకలు: మొదటి ఆర్డరు ఇంత, డెమో పీసు సొంత డబ్బుతో కొనాలి, టార్గెట్ దాటితే స్కీము, దాటకపోతే డీలర్‌షిప్పు పక్క వీధికి. గిరాకీ ఉన్న సౌండ్‌బార్ కావాలంటే గిరాకీ లేని మోడళ్లు నాలుగు లాంఛనంగా పుచ్చుకోవాలి. తాంబూలాలు పుచ్చుకున్నాక ఇంతకీ స్పీకరు పాడుతుందా అని అడిగితే అపశకునం. అందుకే చెవికీ కుర్చీ వేస్తారు, ఆఖరి వరసలో.

ఆ కుర్చీని ముందుకు జరిపితే అన్నీ చక్కబడతాయనేది సంగీతప్రియుల వాదన. జరిపి చూసినవాళ్లు ఉన్నారు. 1994లో హర్మన్ కంపెనీ పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ తమ సంస్థ ఉద్యోగులు 40 మందికి కొన్ని స్పీకర్లు వినిపించారు. ఓసారి తెర అడ్డం పెట్టి, ఓసారి తెర తీసి. తెర ఉన్నప్పుడు దీటుగా మార్కులు తెచ్చుకున్న చవకైన చిన్న సెట్టు, తెర తీయగానే వెనకబడింది. పెద్ద పెట్టెలకు మార్కులు పెరిగాయి. పాట అదే, గది అదే, చెవులూ అవే. వాటికి ముందు కుర్చీ వేసినా పక్కనే కన్ను కూర్చుని తీర్పు రాసేస్తుందన్నమాట. యజమాని చెవి మాత్రం దీనికి అతీతమా? పైగా రెండు స్పీకర్లలో కాస్త గట్టిగా మోగేదే మేలైనదనిపించడం మానవ సహజం. వాల్యూమ్ నాబ్ ఎవరి చేతిలో ఉంటే తీర్పు వాళ్లది.

పోనీ అన్ని బ్రాండ్లూ పెట్టి కస్టమర్‌కే వదిలేయవచ్చు కదా అంటారు. ఏవి ఆ అన్నీ? కన్ను ఎంత మోసగిస్తుందో నిరూపించిన ఆ హర్మన్ గూట్లోనే జేబీఎల్, ఇన్ఫినిటీ, హర్మన్ కార్డన్, ఏకేజీ ఉన్నాయి. 2017లో ఆ గూటిని శాంసంగ్ సుమారు 800 కోట్ల డాలర్లకు కొంది. 2025లో హర్మన్ మరో 35 కోట్ల డాలర్లు పెట్టి డెనన్, మరాంట్జ్, పోల్క్, బోవర్స్ అండ్ విల్కిన్స్‌ను కూడా ఇంట్లోకి తెచ్చుకుంది. ఇకపై గోడకు అటు జేబీఎల్, ఇటు పోల్క్ పెట్టి పోల్చి చూడమనడం, అన్నదమ్ములిద్దరికి కుస్తీ పెట్టి గెలిచినవాడి తండ్రికి బహుమతి ఇవ్వడమే. ఇంజినీర్లు వేరు, ధ్వని వేరు అంటే, నిజమే, కాదనలేం. కానీ ఆ తేడా తెలియాలంటే తీరిగ్గా వినే గది కావాలి. స్కాట్లాండ్‌లోని లిన్ కంపెనీ అయితే 1970లలో, వినిపించే జత తప్ప గదిలో మరో స్పీకరు ఉండకూడదని డీలర్లకు షరతు పెట్టింది. మోగని స్పీకర్లు కూడా అదిరి శబ్దాన్ని చెడగొడతాయట. శాస్త్రమూ దక్కింది, పోటీదారుడూ గది బయటికి పోయాడు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి ఇరుకు బజార్లో ఆ నియమం అమలు చేస్తే యజమానే బయట నిలబడాలి.

అయితే అంతా మార్జిన్ కక్కుర్తేనా అని కోపం తెచ్చుకోనక్కర్లేదు. గంటసేపు ఏసీ గదిలో విని, మోడల్ నంబర్ ఫొటో తీసుకుని, ఇంటికెళ్లి ఆన్‌లైన్లో కొనే పెద్దమనిషికి ఆ గంట ఉచితం. అద్దె కట్టేవాడికి కాదు. ఆన్‌లైన్లో తన కొనుగోలు ధరకే అమ్ముడయ్యే బ్రాండును తీసేసే యజమానిది కక్కుర్తి కాదు, కూడిక తీసివేత. చిక్కంతా ఆ ఖాతా పుస్తకంలో ఒక పేజీ లేకపోవడం. అమ్మిందెంత, మిగిలిందెంత అని ప్రతి షాపూ రాసుకుంటుంది. వెనక్కి వచ్చిందెంత, కాలిపోయిన యాంప్లిఫయర్‌కు విడిభాగం ఎన్నాళ్లకు వచ్చింది, వారంటీ అడిగితే ఎవరు ఫోన్ ఎత్తారు అని రాసుకునేవాళ్లు తక్కువ. ఆ పేజీకి కళ్లు లేవు, పెట్టె సొగసు చూసి పడిపోదు. తెర కట్టి పరీక్షించే తాహతు లేని షాపుకు అదే తెర.

చిన్న షాపుకు బ్రాండును కాదనే స్తోమత ఎక్కడిదంటారా? ఆ స్తోమత చిన్న షాపుకే ఉంది. వంద అరలున్నవాడు వాటిని నింపక తప్పదు. నాలుగే అరలున్నవాడు ఒకటి ఖాళీగా ఉంచినా కొంప మునగదు. బ్రాండు వచ్చేటప్పుడు ఎంచుకున్నది డిస్ట్రిబ్యూటర్ కావచ్చు. సాగనంపేటప్పుడు మాత్రం ఎంపిక యజమానిదే. కాబట్టి కొనబోయేవాడు బాస్ ఎంత, వాట్స్ ఎన్ని అని కాకుండా, ‘మీరు పెట్టి తీసేసిన బ్రాండేది, ఎందుకు?’ అని అడగాలి. ఠక్కున పేరూ కారణమూ చెబితే ఆ షాపుకు చెవి ఉన్నట్టు. ‘మా దగ్గర అన్నీ మంచివే సార్’ అంటే మాత్రం బయటికొచ్చి మీ చెవి ఓసారి తడిమి చూసుకోండి. పువ్వు తగలొచ్చు.