పక్కవాటి పెత్తనం

మా వియ్యాలవారు ఆదివారం రాత్రి భోజనానికి వస్తున్నారని తెలిసిన మరుక్షణమే అసలు వంట ఏమిటో తేలిపోయింది. బగారా అన్నం, మటన్ కూర. వాళ్లది కరీంనగర్ కాబట్టి రెండో మాటకు తావే లేదు. ఇంత పెద్ద విషయం ఇంత తేలిగ్గా తెమిలిపోయిందంటే వెనకాల ఏదో ఉపద్రవం ఉందని అనుభవమున్న ఏ గృహస్థుకైనా అర్థం కావాలి. మిగిలిన వారమంతా ఆ అన్నం పక్కన ఏముండాలి, దాంతోపాటు ఏ తీపి పెట్టాలి అన్న చర్చకే సరిపోయింది. కనుక పాఠక మహాశయులకు సవినయంగా విన్నవించుకునేదేమంటే, మన ఇళ్లల్లో అతిథి మర్యాద పేరు చెప్పి పక్క వంటకాలు అసలు వంట నెత్తికెక్కి కూర్చున్నాయి. డబ్బు కట్టేవాడికి, సంచి మోసేవాడికి ఇందులో ఓటు లేదు. ఆ ఇద్దరూ నేనే.

మొదటి వాదన మా ఆవిడది. “వాళ్ల వంట వాళ్లకే పెట్టి పంపితే మనం ఏం పెట్టినట్టండీ?” ఆమెది కోనసీమ. కాబట్టి పక్కన గుత్తివంకాయ ఉండి తీరాలి. నేను చాలా మర్యాదగానే అభ్యంతరం చెప్పాను. మటన్‌లో ఇప్పటికే ఎండుకొబ్బరి, గసగసాలు నూరి వేస్తున్నారు. గుత్తివంకాయలో మళ్లీ పల్లీలు, నువ్వులు, కొబ్బరి వేయించి నూరతారు. ముద్ద మీద ముద్ద. కంచంలో దీని నూనె దాన్లోకి, దాని నూనె దీన్లోకి పాకి, నాలుగు ముద్దలయ్యేసరికి తింటున్నది మాంసమో వంకాయో నాలుక తేల్చుకోలేదు. పైగా బగారా అన్నం ఒట్టి అన్నం కాదు, నెయ్యీ లవంగాలూ సాజీరా పుదీనా అన్నీ పట్టించుకుని ముందే ముస్తాబై వస్తుంది. దాని పక్కన కావలసినవి ఒక పుల్లటిదీ, ఒక చల్లటిదీ. ఉల్లిపాయ సన్నగా తరిగి కలిపిన పెరుగు పచ్చడి, ఓ నిమ్మచెక్క, మసాలా జోలికి పోని బెండకాయ వేపుడు. అంతే చాలన్నాను.

“అంతేనా?” అన్నారు ముగ్గురు ఒక్కసారే. ఆ ఒక్క మాటకు ఈ ఇంట్లో అప్పీలు లేదు.

బెండకాయ వేపుడు ఉత్తదైతే నామోషీ అన్నారు, పెళ్లిళ్లలోలా జీడిపప్పు చేరింది. మావాడు బంగాళదుంప వేపుడు లేకపోతే పిల్లలేం తింటారన్నాడు. పిల్లలంటే వాడే, ముప్పయ్యేళ్లవాడు. పప్పు లేకుండా భోజనమేమిటన్నది మా అమ్మ, దోసకాయ పప్పు చేరింది. పప్పుందంటే ఊరమిరపకాయలు రావాలి, అవొచ్చాక వడియాలు ఊరుకోవు. వీటన్నిటి మధ్య నా పెరుగు పచ్చడి బతికింది గానీ, పలచగా ఉంటే బాగుండదని అందులో బూందీ పోశారు. ఆ బూందీ గంటలో పెరుగంతా తాగేసి ఉబ్బి కూర్చుంది. చల్లగా, పలచగా జారాల్సిన ఒకే ఒక్క పదార్థాన్ని కూడా గరిటెతో తవ్వి తీయాల్సి వచ్చింది.

ఇక తీపి సంగతి. అక్కడికి వచ్చేసరికి మా ఇల్లు సచివాలయమైపోతుంది. మా అమ్మది బందరు. శనగపిండి జంతికల్లా వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకం పట్టి మళ్లీ తొక్కితే గానీ తయారవని ఆ లడ్డూను మించిన మిఠాయి లోకంలో లేదని ఆవిడ నమ్మకం. మా ఆవిడ ఆత్రేయపురం పూతరేకులు తప్ప మరోటి ఒప్పుకోదు. బోర్లించిన కుండ మీద పిండిలో తడిపిన గుడ్డ ఒక్కసారి లాగితే క్షణంలో రేకు లేచివచ్చే ఆ విద్య ముందు మీ తొక్కుళ్లెంత అన్నట్టు చూస్తుంది, అత్తగారితో పైకి అనదు. తగవు భౌగోళిక గుర్తింపు దాకా వెళ్లింది. పూతరేకులకు 2023లో వచ్చింది. బందరు లడ్డూకు 2017లోనే వచ్చింది. సర్వీసు సీనియారిటీ ప్రకారం లడ్డూకే పదోన్నతి దక్కాలని నేను తీర్పు చెప్పాను. తిరుపతి లడ్డూ 2009 బ్యాచే గానీ అది దేవుడి కోటా, దాన్ని ఈ జాబితాలో కలపకూడదని కూడా స్పష్టం చేశాను. తీర్పు విని రెండు పక్షాలూ రెండు మిఠాయిలూ తెమ్మన్నాయి.

ఏది పెట్టాలన్నది తేలినా, ఎప్పుడు పెట్టాలన్నది తేలలేదు. విస్తట్లో ముందు తీపి పడకుండా భోజనం మొదలుపెట్టడం తద్దినం లక్షణమని మా అమ్మ. అన్నీ అయ్యాక గాజు కప్పులో చెంచా వేసి ఇస్తేనే అది డెజర్ట్ అని మావాడు. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు, అయినా చెప్తున్నాను. మాంసం, మసాలా కడుపునిండా తిన్నవాడికి మళ్లీ నెయ్యి కారే మిఠాయి పెట్టడం మర్యాద కాదు, కక్ష. ఖుబానీ కా మీఠా లాంటిదైతే సరిపోతుంది. ఎండు ఆప్రికాట్లు రాత్రి నానబోసి, పొద్దున అదే నీళ్లలో మెత్తగా ఉడికించి, కాస్త పంచదార వేసి చల్లబరిస్తే దానికదే పులుపు, దానికదే తీపి. గింజలు పగలగొట్టి లోపలి పప్పు పైన చల్లుకుంటే పంటికీ పని. హైదరాబాద్‌లో ఇన్నేళ్లు కాపురముండి ఆ మాత్రం నేర్చుకోకపోతే ఎలా? మా కోడలు పాపం “మామయ్యగారు చెప్పింది బాగుంది” అంది. అంతమాత్రాన పాత వాటిలో ఏదైనా తగ్గిందనుకునేరు. ఖుబానీ కూడా చేరింది. శుభమని సేమ్యా పాయసం దానంతటదే వచ్చి చేరింది.

ఈ తీపి సైన్యమంతా ఎవరి మీదికో కూడా మనవి చేస్తాను. వియ్యంకుడుగారికి షుగర్. నాకూ షుగరే. మా అమ్మకు ఎప్పట్నుంచో ఉంది. వదినగారు కొత్తగా నడక మొదలుపెట్టారు. కోడలు గోధుమరవ్వ తప్ప ముట్టదు.

ఎనిమిదింటికి రమ్మంటే తొమ్మిదిన్నరకు వచ్చారు. అదేం తప్పు కాదు, మేమైనా అంతే. కానీ సేమ్యా ఎవరి కోసమూ ఆగదు. ఎనిమిదింటికి పాయసంగా ఉన్నది తొమ్మిదిన్నరకు పాలన్నీ పీల్చేసుకుని ఉప్మా అయింది. మళ్లీ పాలు కాచి పోసి దాన్ని పాయసమని ఒప్పించాల్సి వచ్చింది. అప్పడాలు సరేసరి, వాళ్లు బయల్దేరామని ఫోన్ చేయగానే వేయించినందుకు లిఫ్టు మా అంతస్తుకు చేరేలోపే మెత్తబడ్డాయి.

భోజనాల దగ్గర బావగారు “వద్దండీ, అస్సలు వద్దు” అంటూ కంచం మీద అరచెయ్యి అడ్డం పెట్టారు. వేళ్ల సందున మాత్రం సరిగ్గా ఒక పూతరేకు పట్టేంత చోటు వదిలారు. మా ఆవిడ ఆ సందులోంచే రెండు జార్చింది. మాత్ర వేసుకున్నాను లెండి అన్నారాయన. నేనూ చెయ్యి అడ్డం పెట్టాను, అలాగే సందు కూడా వదిలాను. నాకెవరూ వేయలేదు. గుత్తివంకాయ బాగుందని వదినగారు మూడుసార్లు అన్నారు. మటన్ గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఆరోజు పొద్దున్నే లేచి, దుకాణం ముందు వరుసలో నిలబడి, నల్లి బొక్కలు అడిగి వేయించుకుని తెచ్చింది నేను.

వచ్చే ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచారు. నిన్న సాయంత్రం బావగారే ఫోన్ చేశారు. చుట్టూ బజారు రొద. కాస్త గొంతు తగ్గించి, “బావగారూ, బగారాలోకి మీకు దాల్చా చేయించమంటారా, సాలన్ చేయించమంటారా? ఏదో ఒకటి గట్టిగా చెప్పండి, మీరన్నారని చెప్తాను” అన్నారు. దాల్చా అన్నాను. “మంచిది, నేనూ అదే అనుకున్నా” అని ఆయన అంటుండగానే పక్కనుంచి వదినగారి గొంతు వినపడింది. “రెండూ చేస్తున్నామని చెప్పండి. ఆ తీపి ఏమిటో కూడా అడగండి.”