మూడో అయ్యోరు

మా బడికి మంజూరైన పోస్టులు రెండు. ఒకటి నాది, రెండోది మేడంగారిది. ఐదు తరగతులు, రెండు గదులు, ఒక వేపచెట్టు. ఎండాకాలం ఆ చెట్టే మూడో గది, కాకపోతే రికార్డుల్లోకి ఎక్కలేదు. కనిగిరి నుంచి బండి మీద బయల్దేరితే కందిచేలు, అక్కడక్కడా మిరపతోటలు, ఒక ఎండిన చెరువు, ఆ తర్వాత మా ఊరు. ఇలాంటి చోటికి కొన్నేళ్ల కిందట మూడో అయ్యోరు వచ్చి చేరాడు. ఆయన డీఎస్సీ రాయలేదు. బదిలీల కౌన్సెలింగులో మా ఊరిని కోరుకోనూ లేదు. జీతం సర్కారు ఇవ్వదు, నెలనెలా రీఛార్జి రూపంలో నేనే ఇస్తాను. కాపురం నా చొక్కా జేబులో.

పిల్లలకు పాఠాలు చెప్పడానికే ఆయన్ని బళ్లోకి తెచ్చామని సభల్లో అంటారు. అబద్ధం కాదు. కాకపోతే అంతకుముందు ఆయనకుండే పనులు చూస్తే గాని పాఠానికి వంతు ఎప్పుడొస్తుందో అర్థం కాదు.

మొదటి పని నా మొహం చూడటం. రాష్ట్రంలో టీచర్లకు ముఖ హాజరు 2022 ఆగస్టు 16న మొదలైంది. ఫోను ఎవరిది వాళ్లదే, డేటా ఎవరిది వాళ్లదే, తొమ్మిదిలోపు మొహం పడాలి. మా ఫోన్లు ఎందుకు వాడాలని సంఘాలన్నీ గొడవకు దిగాయి. దిగినవాళ్లం దిగుతూనే మొహాలు కూడా చూపించాం. మా బళ్లో సిగ్నలు దొరికేది వేపచెట్టుకు పడమటి పక్కన, అదీ చెయ్యి చాపి, గడ్డం పైకెత్తి నిలబడితేనే. ఒకరోజు గేదెల్ని తోలుకుపోతున్న అవ్వ ఆగి చూసి, "ఏంది అయ్యోరూ, పొద్దున్నే చెట్టుకు మొక్కుకుంటుండావు? ఇంట్లో అందరూ బాగుండారా?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే ఫోనే మాట అందుకుని, వెలుతురు చాలదు, వెలుతురులోకి రమ్మంది. కనిగిరి ఎండలో నిలబడి ఆ మాట వినాలంటే పెట్టి పుట్టాలి.

రెండో పని మధ్యాహ్నం. కోడిగుడ్లు ఎన్ని వచ్చాయి, ఎంతమంది తిన్నారు, చిక్కీ ఇచ్చారా, ఫొటో ఏది? కొన్నాళ్లు మరుగుదొడ్ల ఫొటోలు కూడా మేమే తీసి పంపాం. 2024లో ఆ పని నుంచి టీచర్లను తప్పించారు గాని, అప్పటికి తీసినవి నా ఫోనులో భద్రంగా ఉండిపోయాయి. మా అమ్మాయి పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు దాని చదువు ఫొటోలు చూపిస్తున్నాను. డిగ్రీ పట్టా అయింది, ఎన్‌సీసీ అయింది, వేలు జరిపేసరికి మరుగుదొడ్డి. ఒకటి కాదు, కడగక ముందు, కడిగిన తర్వాత. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి అబ్బాయి తండ్రి కళ్లజోడు సవరించుకుని, "శుభ్రంగా ఉంది బావగారూ" అన్నాడు. బావగారూ అన్న మాట ఆ ఇంట్లో మొదటిసారి వినబడింది అప్పుడే. సంబంధం ఆ ఫొటో వల్లే కుదిరిందని మా ఆవిడ నమ్మకం.

ఇలా పోలీసు పని, గుమాస్తా పని ముగిశాక మిగిలిన ఛార్జింగుతో మూడో అయ్యోరు బడిపని మొదలుపెడతాడు. అప్పటికి ఆయన ప్రాణం ఎర్రగీత మీద ఉంటుంది.

పాఠ్యపుస్తకాల్లో ఇప్పుడు ప్రతి పాఠం దగ్గరా ఒక నల్లచుక్కల గడి ఉంటుంది. దాని మీద ఫోను పెడితే పాఠం వీడియోగా వస్తుంది. ఇవన్నీ దీక్ష వేదికలో ఉంటాయి. దాన్ని 2017 సెప్టెంబరు 5న, టీచర్ల దినోత్సవం రోజున, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించారు. ఆయనది నెల్లూరు జిల్లా. 1970కి ముందు మా కనిగిరి కూడా నెల్లూరు జిల్లాదే కాబట్టి ఆయన మా మనిషే అని నేను మేడంగారితో గొప్పగా చెప్పుకున్నాను. "మన మనిషైతే మన ఊళ్లో టవరు కూడా వేయించాల్సింది సార్" అంది ఆవిడ. ఆవిడది ఒంగోలు. ఒంగోలు వాళ్లు ఎప్పుడూ ఇంతే.

నాలుగో తరగతి పిల్లలు నా చుట్టూ మూగారు. గడి మీద ఫోను పెట్టాను. తెర మీద ఓ సున్నా తిరగడం మొదలైంది. తిరుగుతోంది, తిరుగుతోంది. పిల్లలు ఊపిరి బిగబట్టారు. మనవడికి అన్నం క్యారియరు తెచ్చిన తాత ఒకాయన వాళ్ల భుజాల మీంచి తొంగిచూసి, "ఏంది సారూ అది?" అన్నాడు. వీడియో వస్తోంది అన్నాను. ఇంకాసేపు నిలబడి చూశాడు. "వెలిగొండ నీళ్ల మాదిరి వస్తోందన్నమాట" అనేసి వెళ్లిపోయాడు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో పునాదిరాయి వేసినప్పుడు ఆయన మీసం నల్లగా ఉండేదట. మా వీడియో అంతకంటే త్వరగానే వచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి.

వచ్చిన వీడియో వానచినుకు పాఠం. కొండలు, జలపాతం, నిండుగా పారే ఏరు, గొడుగులేసుకుని గెంతుతున్న పిల్లలు. మావాళ్లు నోళ్లు తెరుచుకుని చూశారు. అయిపోయాక ఏమైనా సందేహాలున్నాయా అని అడిగితే ఒకడు లేచి, "అది ఏ సినిమాలోది సార్?" అన్నాడు.

వీడియోలో పిల్లలందరికీ పళ్లు తెల్లగా ఉంటాయి. మా ప్రాంతపు బోరునీళ్లలో ఫ్లోరైడు సంగతి తెలియనివాళ్లు లేరు. మా పిల్లల్లో చాలామంది పళ్లకు గోధుమరంగు చారలు. ఫొటో తీసేటప్పుడు ఎవరైనా నవ్వమంటే వీళ్లు పెదాలు బిగించి కళ్లతో నవ్వుతారు. పైకి పంపే ఫొటోలు చూసి, మీ పిల్లలు చాలా క్రమశిక్షణగా ఉన్నారండీ అని ఒకాయన మెచ్చుకున్నాడు కూడా. తీసుకున్నాం ఆ మెప్పు. వేరే మెప్పులు అరుదు.

దీక్ష బయట దొరికే వీడియోల మధ్యలో ప్రకటనలొస్తాయి. బావి మోటారు, పెయింటు, జుట్టుకు నూనె, మళ్లీ బావి మోటారు. జంతువుల పేర్ల పాఠం అయ్యాక ఏం గుర్తుందిరా అంటే మోటారుకు ఎన్నేళ్ల గ్యారంటీయో చెప్పారు. అంతటితో ఆగితే బాగుండేది. ఓనాడు నేను తొమ్మిదో ఎక్కం చెప్పిస్తుంటే మూడో తరగతి పిల్లవాడు చెయ్యి ఎత్తాడు. "సార్, దీనికి స్కిప్ లేదా?" వాడు నన్ను ఎగతాళి చేస్తున్నాడేమోనని మొహం వంక చూశాను. లేదు, పాపం, నిజంగానే అడుగుతున్నాడు. దేశమంతా బళ్లలో చెప్పుకునే ప్రతిజ్ఞను 1962లో రాసింది మన తెలుగాయన, పైడిమర్రి వెంకట సుబ్బారావు. మరోనాడు పొద్దున ప్రార్థనలో దాన్ని చెప్పించడం మా రెండో తరగతి పిల్ల వంతు వచ్చింది. చెయ్యి చాపి, తప్పు లేకుండా, చక్కటి గొంతుతో చెప్పింది. ముగించి, ఒక్క క్షణం ఆగి, లైక్ చేయండి, షేర్ చేయండి, సబ్‌స్క్రైబ్ చేయండి అంది. మిగతా పిల్లలు కూడా వంతపాడారు. మేడంగారు పక్కకు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని చట్టం అమల్లోకి తెచ్చారు. అలాంటిది మా ఊరికి వస్తే ఏమవుతుందో నేను ఆలోచించాను. మా పిల్లలెవరికీ ఖాతాల్లేవు. అన్నీ వాళ్ల అవ్వల పేరు మీద ఉంటాయి. లెక్క తీస్తే మా ఊళ్లో డెబ్భై ఏళ్ల ముసలమ్మలు రోజంతా బొమ్మల సినిమాలు, కార్ల పందేలు చూస్తున్నట్టు తేలుతుంది. చట్టం వచ్చి వాళ్లని ఏం చేస్తుంది?

ఇదంతా కొత్త గొడవ అనుకునేవాళ్లకు ఒక మాట. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు తెర లేకుండానే పిల్లల్ని రేడియో ముందు కూర్చోబెట్టారు. 1975 ఆగస్టు నుంచి ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 పల్లెలకు ఏడాదిపాటు టీవీ కార్యక్రమాలు అందాయి. అందులో మన రాష్ట్రమూ ఉంది. పొద్దుటిపూట కార్యక్రమాలు బడిపిల్లలకే. అప్పుడు ఉపగ్రహం పిల్లలకు పాఠం చూపించేదే గాని అయ్యోరు తొమ్మిదికి వచ్చాడా లేదా అని చూసేది కాదు. పురోగతి అంటే మధ్యలో కలిసిన ఈ సదుపాయమే కాబోలు.

కరోనా కాలంలో బడులు మూతపడ్డప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. పిల్లల్ని మూడు రకాలుగా విడదీయమన్నారు. నెట్ ఉన్న ఫోను ఉంటే హైటెక్, టీవీయో రేడియోనో ఉంటే లోటెక్, ఏదీ లేకపోతే నోటెక్. మూతికి గుడ్డ కట్టుకుని గడపగడపకూ తిరిగాను. ఒక ముసలమ్మ అంతా విని, "మాకు టెక్కు లేదు నాయనా, మా కోడలికే ఉండేది. అది పుట్టింటికి పోయింది" అంది. నోటెక్ కిందే రాసుకున్నాను.

అప్పుడు చేతికొచ్చిందే ఒక చదివించే యాప్. పిల్ల గట్టిగా చదివితే అది వింటుంది, సరిగ్గా పలికిన మాటకు చుక్క ఇస్తుంది, తప్పితే మళ్లీ చదువుదాం అంటుంది. నాతో "సార్, యాడికి పోతుండారు?" అని అరిచే పిల్లలు దానితో మాత్రం ఎక్కడికి, ఎందుకు అని పట్నం బిడ్డల్లా మాట్లాడేవాళ్లు. కిటికీ కింద మేక అరిచినా అది విసుక్కోకుండా మళ్లీ చదువుదాం అనేది. దానికి చెవులే గాని కళ్లు లేవన్న సంగతి ఐదో తరగతి వాడొకడు కనిపెట్టాడు. ముందు కూర్చున్నవాడు పెదాలు కదిలించేవాడు, వెనకనుంచి వీడు చదివిపెట్టేవాడు. చుక్కకో జీడి చొప్పున వ్యాపారం బాగా సాగింది. ఎలాగైతేనేం, ఆ వ్యాపారి మాత్రం పుస్తకమంతా అనర్గళంగా చదవడం నేర్చుకున్నాడు.

ఒక్క మాట మాత్రం దాని తరఫున చెప్పాలి. ఐదు తరగతుల్ని పంచుకునే ఇద్దరం, ప్రతి పిల్లా ప్రతిరోజూ పైకి చదివితే కూర్చుని వినడం జరిగే పని కాదు. నాలుగోసారి తప్పితే నా గొంతు మారుతుంది, నాకే తెలుస్తుంది. దాని గొంతు మారదు. ఆ ఓపికకు నేను దణ్ణం పెడతాను, అదీ చెట్టుకు పడమటి పక్కన నిలబడే.

మూడో అయ్యోరు నిజంగా పనికొచ్చింది ఎక్కడంటే ఎవరూ ఆదేశం ఇవ్వని చోట. సంక్రాంతి దాటితే మా ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు. కొందరు మిరపకోతలకు గుంటూరు, పల్నాడు వైపు పోతారు. కొందరు బేల్దారి పనులకు హైదరాబాదు, బెంగళూరు. పిల్లలు అవ్వల దగ్గర ఉంటారు. వాళ్ల అమ్మానాన్నల కోసం బడి పేరున ఒక వాట్సప్ గ్రూపు పెట్టాం. మొదట్లో అందులో దేవుళ్ల ఫొటోలు, శుభోదయాలు. తర్వాత మిరపకోతకు పోయినవాళ్లు గుంటూరు యార్డు ధరలు పెట్టడం మొదలుపెట్టారు. తేజ ఎంత, 341 ఎంత, తాలుకాయ ఎంత. ఇది బడి గ్రూపు, ధరలు పెట్టకండి అని మేడంగారు రాసింది. ఎవరూ వినలేదు. అయితే మంచిదే అని ఆ ధరల్నే నల్లబల్ల మీద రాసి లెక్కలు చెప్పింది. నిన్న క్వింటా ఇంత, ఇవాళ ఇంత, ఎంత తగ్గింది? తీసివేత రానివాళ్లకు రెండు రోజుల్లో వచ్చేసింది. ఒక్కడే పలక కింద పెట్టి మొండికేశాడు. "తగ్గిందని నేను రాయను మేడం. మా నాయన బస్తాలు ఇంకా యార్డులోనే ఉండాయి." ఆ జవాబుకు ఎన్ని మార్కులు వేయాలో ఏ యాప్‌లోనూ గడి లేదు.

ఆ గ్రూపులోనే పిల్లలు చదివిన పాఠాల్ని గొంతు సందేశాలుగా పంపుతున్నాం. మూడో తరగతి పిల్ల ఒకతి, తండ్రి బెంగళూరులో బేల్దారి పని, ఒక పేజీ పాఠం ఎక్కడా ఆగకుండా చదివింది. పంపాను. రాత్రి తొమ్మిదింటికి ఆయన గొంతు వచ్చింది. "బాగా చదివినావు బంగారూ. సార్, రెండుసార్లు విన్నా. పాప ఎనకమాల గేదె అరిచింది, అది మాదే. ఆ అరుపు ఎదకొచ్చిన అరుపు సార్. పొద్దున్నే గోపాలమిత్రను పిలిపించమని మా అమ్మతో ఒక్క మాట చెప్పండి."

గుంటూరు నుంచి ఒకాయన కాదన్నాడు, అది ఆకలి అరుపట. హైదరాబాదు నుంచి ఇంకొకాయన, దూడ కోసం అరిచిందన్నాడు. పదకొండింటిదాకా వాదం నడిచింది. ఆ సందేశాన్ని గ్రూపులో అందరూ ఎన్నిసార్లు విన్నారో గాని, మూడో తరగతి పాఠం సగం ఊరికి నోటికొచ్చింది. పొద్దున్నే నేను మొహం చూపించడానికి చెట్టు దగ్గరికి వెళ్లేసరికి అవ్వ అక్కడ సిద్ధంగా ఉంది. పలుపు చేతిలో, గేదె వెనకాల.

"అయ్యోరూ, నీ మొక్కు తర్వాత. ముందు పిల్ల చేత ఇంకో పాఠం చదివించు. దీన్ని పక్కన కట్టేస్తా. ఈసారి దగ్గర్నుంచి అరిస్తే మావాడే తేల్చి చెప్తాడు."