చట్టం తన పని తాను చేసుకుపోతుందట!

పెద్దమనిషి ఎవరైనా కేసులో ఇరుక్కున్నప్పుడల్లా మైకుల ముందు ఒక మాట వినిపిస్తుంది: "చట్టం తన పని తాను చేసుకుపోతుంది." అధికార పక్షం అంటుంది, ప్రతిపక్షం అంటుంది, ఆ పెద్దమనిషి వకీలూ అంటాడు. ఇంతమంది ఒకే మాట మీద నిలబడే సందర్భం మన ప్రజాస్వామ్యంలో ఇంకోటి లేదు. నాకు మటుకు ఒక చిన్న సందేహం. చట్టానికి తన పని తాను చేసుకునే ఓపికే ఉంటే, దాని చెయ్యి పట్టుకుని నడిపించడానికి ఢిల్లీ నుంచి అంతంత ఫీజుల వకీళ్లు విమానాలు దిగడం ఎందుకు?

ఈ మాట నిజమో కాదో తేల్చుకోవాలంటే సూరత్ వెళ్లాలి. వజ్రాలు సానబట్టే ఊరు, చీరలు నేసే ఊరు. ఎవరి విలువ ఎంతో చూపుతోనే చెప్పగలిగిన వాళ్లు గల్లీకి పదిమంది ఉంటారక్కడ. ఆ విద్య పోలీసు ఠాణాలకూ పాకి ఉంటే ఆశ్చర్యపోను.

2020 జులై. కరోనా రాత్రి కర్ఫ్యూ. వరాఛాలో సునీతా యాదవ్ అనే కానిస్టేబుల్ మాస్కులు లేకుండా తిరుగుతున్న కుర్రాళ్లను ఆపింది. వాళ్లు ఫోన్ తీశారు. కాసేపటికి అప్పటి గుజరాత్ ఆరోగ్య శాఖ సహాయమంత్రి కుమార్ కానాణీ గారి అబ్బాయి వాళ్ల తరఫున అక్కడికి దిగాడు. ఆ తర్వాత జరిగిన వాగ్వాదం ఫోన్లలో దేశమంతా తిరిగింది. నిన్ను ఇదే చోట 365 రోజులు నిలబెట్టగలనన్న బెదిరింపు, 365 రోజులు నిలబడటానికి మీ నాన్న దగ్గర పనిమనిషిని కాదన్న ఆమె జవాబు అందులో జనం విన్నారు. కర్ఫ్యూ పెట్టింది ఆరోగ్యం కోసం, రోడ్డెక్కింది ఆరోగ్య మంత్రి గారి ఇంటివాళ్లు. ఇంత పొందికైన కథ కల్పించి రాస్తే ఏ సంపాదకుడూ వేసుకోడు.

చట్టం తన పని తాను చేసుకుపోయిందా? ఎందుకు చేసుకుపోలేదు! వీడియో బయటికొచ్చాక అబ్బాయినీ, ఇద్దరు స్నేహితులనూ అరెస్టు చేశారు, వెంటనే బెయిలిచ్చారు. పనిలో పనిగా కానిస్టేబుల్ ప్రవర్తన మీద కూడా విచారణ వేశారు. సమన్యాయం అంటే అదే మరి, ఆపినవాళ్లకీ ఆగనివాళ్లకీ చెరో కేసు! ఆమె ఉద్యోగం వదిలేస్తున్నానని చెప్పేసింది. ఒక్క ముక్క గమనించాలి. అబ్బాయి అరెస్టయింది కర్ఫ్యూలో తిరిగిన రాత్రి కాదు, వీడియో తిరిగిన తర్వాత. ఫోన్లో రికార్డింగు మీట నొక్కి ఉండకపోతే చట్టానికి ఆ రాత్రి చేయడానికి పనే లేదు.

ఇక్కడ మన వాదన వినే పెద్దలు గొంతు సవరించుకుని ఒక పేరు తీస్తారు. నారాయణ్ సాయి. ఆశారాం బాపు కొడుకు. కోట్లాది భక్తులు, వందల ఆశ్రమాలు అని చెప్పుకున్న సామ్రాజ్యానికి వారసుడు. అదే సూరత్ సెషన్స్ కోర్టు 2019 ఏప్రిల్ 30న అతనికి అత్యాచారం కేసులో యావజ్జీవ శిక్ష వేసింది. "ఇంకేం కావాలి మీకు? ఎంత పెద్దవాడైనా లోపలికి పోలేదా?" అంటారు. పోయాడు. నిజమే. అయితే ఎలా పోయాడో కూడా చెప్పుకుందాం, ఆ ప్రయాణం చిన్నది కాదు.

2013 అక్టోబరులో సూరత్‌కు చెందిన అక్కాచెల్లెళ్లిద్దరు ఫిర్యాదు చేశారు. ఒకరు తండ్రి మీద, ఒకరు కొడుకు మీద. కొడుకు గారు మాయమయ్యారు. రెండు నెలల పాటు రాష్ట్రాలు రాష్ట్రాలు వెతికితే డిసెంబరు మొదట్లో హరియాణా వైపు దొరికారు, తలపాగాతో సిక్కు వేషంలో. నిత్యం ప్రవచనాల్లో మాయ గురించి చెప్పేవాళ్లు దాన్ని ఇంత శ్రద్ధగా సాధన చేస్తారని భక్తులు కూడా ఊహించి ఉండరు. ఆ తర్వాత కేసును నీరుగార్చడానికి లంచాల బేరం నడిచిందని 2014లో సూరత్ క్రైం బ్రాంచి ఎస్ఐనే అరెస్టు చేశారు. కోట్ల రూపాయల నగదు పట్టుబడింది. అలవాటు పడిన కళ్లతో చదివితే ఇది లంచం వార్త. కొంచెం ఆగి చదివితే మార్కెట్ రేటు. న్యాయం అమ్ముడుపోతుందో లేదో తర్వాత సంగతి, కొనడానికి వచ్చినవాళ్లు తెచ్చిన సంచి బరువు చూడండి.

సాక్షుల సంగతి తలచుకుంటే వ్యంగ్యం రాదు. తండ్రీకొడుకుల కేసుల్లో సాక్షుల మీద దాడులు వరసగా జరిగాయి. యాసిడ్ పోశారు, కత్తులతో పొడిచారు, తుపాకులతో కాల్చారు. ముగ్గురు చనిపోయారు. ఒకప్పుడు నారాయణ్ సాయి దగ్గర పనిచేసి, సాక్షిగా మారి, కాల్పుల్లో గాయపడిన మహేందర్ చావ్లా సుప్రీంకోర్టుకు వెళితే, 2018 డిసెంబరులో దేశం మొత్తానికీ సాక్షుల రక్షణ పథకం వచ్చింది. అంటే ఒక బాబా కుటుంబాన్ని విచారించడానికి దేశానికి కొత్త ఏర్పాటే కావలసి వచ్చింది. చీర దొంగతనం కేసులో సాక్షికి ఎవరైనా పథకం పెట్టారా?

కాబట్టి సూరత్ తీర్పును చూపించి "చూశారా, అందరూ సమానమే" అనేవాళ్లకు నాదొక విన్నపం. ఆ పొగడ్తను చట్టం ఖాతాలో వేయకండి. ఆరేళ్ల పాటు మాట మార్చని ఆ ఆడపిల్ల ఖాతాలో వేయండి. అమ్ముడుపోని పోలీసుల ఖాతాలో వేయండి. సమానత్వం తనంత తాను వచ్చిందంటే ఆ ముగ్గురు సాక్షుల ఇళ్లవాళ్లు ఒప్పుకోరు.

సరే, శిక్ష పడింది, కథ కంచికి వెళ్లిందా? లాజ్‌పోర్ జైలుకు వెళ్లింది. అక్కడ అతని దగ్గర మొబైల్ ఫోన్ దొరికిన వ్యవహారం తర్వాత సుప్రీంకోర్టు దాకా చేరింది. 2021 జూన్‌లో గుజరాత్ హైకోర్టు రెండు వారాల ఫర్లో, అంటే జైలు సెలవు, ఇచ్చింది. రాష్ట్ర ప్రభుత్వమే పైకోర్టుకు వెళ్లి వద్దంది. ఫర్లో అనేది అడిగిన ప్రతివాడికీ దక్కే హక్కేమీ కాదని చెప్పి సుప్రీంకోర్టు అదే ఏడాది అక్టోబరులో దాన్ని కొట్టేసింది. 2024 అక్టోబరులో మాత్రం, పదకొండేళ్లుగా చూడని తండ్రిని జోధ్‌పుర్ జైల్లో నాలుగు గంటలు కలిసి రావడానికి హైకోర్టు మానవతా దృష్టితో అనుమతించింది. విమానంలో. వెంట పోలీసులు. ఖర్చు అతనిదే, ముందుగా అయిదు లక్షలు కట్టాలి.

ఈ చివరి ఉత్తర్వు మీద నాకు కోపం లేదు. నేరస్థుడైనా కొడుకే, ముసలివాడైనా తండ్రే. నా బాధల్లా, అయిదు లక్షలు కట్టగలిగినవాడి దగ్గరే మానవతా దృష్టికి చూపు బాగా ఆనుతోంది. అదే లాజ్‌పోర్ జైలు గేటు బయట ములాఖత్ కోసం చీటీ రాయించుకుని కూర్చున్న ఆడవాళ్లను చూడండి. ఆ పూట కూలి పోగొట్టుకుని వచ్చి, కాసేపు మాట్లాడి, బస్సెక్కి పోతారు. వాళ్ల మొగుళ్లకూ తండ్రులున్నారు. ఎక్కడో పల్లెల్లో, మంచాల్లో. వాళ్లకు విమానం సంగతి దేవుడెరుగు, రైల్వే జనరల్ బోగీ ఉత్తర్వు కూడా ఎవరూ అడగలేదు. అడగడానికి వకీలు కావాలి కదా.

సూరత్‌లో మనవాళ్లు చాలామందే ఉన్నారు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపుల నుంచి తరాలుగా వలసపోయి లింబాయత్, ఉధ్నా, దిండోలి గల్లీల్లో స్థిరపడిన పద్మశాలీలు. వాళ్లలో ఒక సాంచా కార్మికుణ్ణి, అంటే మరమగ్గం నడిపేవాణ్ణి, ఊహించుకోండి. కార్ఖానాలో నూలు పోయిందని సేఠ్ అనుమానం. పోలీసులు పట్టుకుపోయారు. నేరం చిన్నది కాబట్టి మేజిస్ట్రేటు బెయిలిచ్చేశారు, పదిహేను వేల పూచీకత్తు మీద. ఇంతవరకు ఏ సినిమా హీరోకూ ఇతనికీ తేడా లేదు, చట్టం ముందు ఇద్దరూ సమానమే. ఆ తర్వాత మొదలవుతుంది అసలు కథ. పూచీ ఎవరిస్తారు? సేఠే ఫిర్యాదుదారు. పక్క సాంచా వాడిదీ అద్దె గదే. ఊళ్లో అన్న పేర ఎకరం ఉంది. పాసుపుస్తకం తెప్పిస్తే అది తెలుగులో ఉంది. గుజరాతీ కోర్టులో గుమాస్తా దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, లోకల్ ఆస్తి ఉన్నవాణ్ణి తెమ్మంటాడు. బెయిలొచ్చింది, మనిషి రాలేదు.

ఇది కొత్త గోడు కాదు. 1978లోనే మోతీరాం కేసులో ఒక తాపీ మేస్త్రీకి పదివేల పూచీ అడిగి, అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు తిప్పి పంపితే, జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ కస్సుమన్నారు. ఒక మలయాళీయో కన్నడిగుడో తమిళుడో తెలుగువాడో ఎక్కడో బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే పూచీ ఎక్కణ్ణుంచి తెస్తాడని అడిగారు. ఆయన ఆ జాబితాలో మనవాణ్ణి పెట్టి దాదాపు యాభై ఏళ్లు కావస్తోంది. మనవాడు ఇంకా గుమాస్తా బల్ల ముందే ఉన్నాడు.

ఇప్పుడు గడియారం సంగతి. 2024 డిసెంబరు 13, శుక్రవారం. సంధ్య థియేటర్ తొక్కిసలాట కేసులో అల్లు అర్జున్‌ను హైదరాబాద్‌లో అరెస్టు చేశారు. నాంపల్లి కోర్టు రిమాండు వేసింది, ఆ సాయంత్రమే తెలంగాణ హైకోర్టు నాలుగు వారాల మధ్యంతర బెయిలిచ్చింది. ఉత్తర్వు కాపీ జైలుకు వేళకు అందక ఆయన చంచల్‌గూడలో ఒక రాత్రి ఉండవలసి వచ్చింది. ఆ ఒక్క రాత్రి! టీవీలు నిద్రపోలేదు. వదలకుండా ఉంచడం అక్రమమని వకీలు మండిపడ్డారు. ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. బెయిలొచ్చిన మనిషిని కాగితం రాలేదని లోపల ఉంచడం తప్పే. మర్నాడు సినిమా పరిశ్రమంతా ఆయన ఇంటికి పరామర్శకు వరస కట్టింది. తొక్కిసలాటలో ప్రాణం పోయిన ఆ తల్లి ఇంటి ముందు అంత ట్రాఫిక్ జామ్ అయినట్టు నేను చూడలేదు.

2021లో షారుఖ్ ఖాన్ కొడుక్కి బొంబాయి హైకోర్టు బెయిలిచ్చినా, ఆర్థర్ రోడ్ జైలు బెయిలు పెట్టెలో సాయంత్రం వేళకు కాగితం పడక ఇంకో రాత్రి గడిచింది. దేశం ఆ పెట్టె వంక గుడ్లప్పగించి చూసింది. పాపం ఆ కుర్రాడి మీద సాక్ష్యం లేదని మరుసటి ఏడాది మాదకద్రవ్యాల నిరోధక సంస్థ ఎన్‌సీబీయే తేల్చింది, అతనికి జరిగింది అన్యాయమే. కానీ ఆ పెట్టె రోజూ అక్కడే ఉంటుంది. కాగితం పడక రాత్రులు గడిపేవాళ్లు రోజూ ఉంటారు. ఆ పెట్టెకు కెమెరా పెట్టింది మాత్రం ఆ రోజే.

ఆ ఏడాదే ఆగ్రా జైల్లో పదముగ్గురికి సుప్రీంకోర్టు బెయిలిచ్చినా కాపీ చేరలేదని రోజుల తరబడి వదలలేదు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి, మన ఎన్.వి. రమణ గారు, ఈ రోజుల్లో కూడా ఉత్తర్వుల కోసం పావురాల దారి చూస్తున్నామని విసుక్కున్నారు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఉత్తర్వులు పంపే 'ఫాస్టర్' వ్యవస్థను 2022 మార్చిలో ప్రారంభించారు. పేరు బాగుంది. 2024లో మన హీరో గారికే కాగితం రాత్రికి అందలేదంటే, నూలు దొంగతనం కేసులో వాడికి ఏ పావురం వస్తుందో, దారిలో ఎవరు దాన్ని పట్టుకుని కూర వండుకుంటారో!

సెలబ్రిటీ అభిమానులు ఇంకో వాదన తెస్తారు. "పేరున్నవాళ్లు కాబట్టే వాళ్లను ఎక్కువ వేధిస్తారు, సామాన్యుడైతే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు." ఎంత చల్లని మాట! సామాన్యుణ్ణి ఎవరూ పట్టించుకోరన్నది అక్షరాలా నిజం. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. నూటికి డెబ్బై అయిదు మంది పైచిలుకు. ఆ నాలుగు లక్షల పైచిలుకు మందిని ఎవరూ పట్టించుకోవడం లేదు. సెలబ్రిటీ కాకపోవడంలోని ఈ సుఖం అనుభవించాలనుకున్న హీరో ఎవరైనా ఉంటే ఒక నెల బ్యారక్ మార్చుకోవచ్చు.

మార్చుకోనక్కర లేదు లెండి, వాళ్ల బ్యారక్కులు వేరు. 2024 ఆగస్టులో బెంగళూరు పరప్పన అగ్రహార జైల్లో హత్య కేసు నిందితుడైన కన్నడ నటుడు దర్శన్ ఫొటో ఒకటి బయటికొచ్చింది. ఆరుబయట కుర్చీ, చేతిలో కప్పు, ఇంకో చేతిలో సిగరెట్టు, చుట్టూ మిత్రబృందం. జైలనుకునే లోపు రిసార్టు గుర్తొస్తుంది. మరుసటి ఏడాది ఆగస్టు 14న సుప్రీంకోర్టు అతని బెయిలు రద్దు చేస్తూ, జైల్లో రాచమర్యాదలు చేసినట్టు తెలిస్తే ముందు సూపరింటెండెంటును సస్పెండ్ చేయమని హెచ్చరించింది. ధర్మాసనం అంత గట్టిగా చెప్పవలసి వచ్చిందంటే, సమానత్వం సంగతి ధర్మాసనానికీ తెలుసన్నమాట.

ఇంతకీ మన సాంచా కార్మికుడికి ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. 2023లో పేద ఖైదీల కోసం కేంద్రం పథకం తెచ్చింది. పూచీకత్తు కట్టలేనివాడికి 40,000 రూపాయల దాకా ఇస్తామన్నారు. అప్పుడు రాసిన పద్ధతి కూడా పకడ్బందీగా ఉంది. బెయిలొచ్చిన వారం లోపల మనిషి బయటికి రాకపోతే జైలు అధికారులు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలి. వాళ్లు ఆరా తీయాలి. రెండు మూడు వారాలకోసారి జిల్లా కమిటీ ముందు పెట్టాలి. ఆ కమిటీలో కలెక్టరు, ఎస్పీ, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి, జైలు సూపరింటెండెంటు, ఒక జడ్జి ఉంటారని రాశారు. పదిహేను వేలకు అయిదుగురు! శుక్రవారం సాయంత్రం హైకోర్టులో హీరో గారికి నాలుగు వారాల బెయిలు రావడానికి ఏ కలెక్టరూ తన డైరీ చూసుకోనక్కర లేకపోయింది. సూరత్ కలెక్టరు, ఎస్పీ, జడ్జి ముగ్గురూ ఒకే మధ్యాహ్నం ఖాళీగా ఉండేది ఎప్పుడో సాంచా కార్మికుడి భార్య కనుక్కోవాలి. గుజరాతీలో.