ఏం కాదులే అత్తయ్య

ప్రతి బంధువర్గంలోనూ ఒక 'ఏం కాదులే' అత్తయ్య ఉంటుంది. కొన్ని ఇళ్ళలో ఆవిడ పెదనాన్న రూపంలో ఉంటుంది, ఇంకొన్ని చోట్ల పక్కింటి పిన్నిగారిగా వెలుస్తుంది. జ్వరం పూర్తిగా తగ్గకముందే తలంటు పోసేదీ, బీపీ ఉన్నాయన ముందుకి ఊరగాయ గిన్నె జరిపేదీ ఆవిడే. డాక్టరు వద్దన్నదాన్ని కొసరి వడ్డించడం ఆవిడకి సరదా కాదు, బాధ్యత. వద్దన్న డాక్టరు ఎక్కడో బస్తీలో ఉంటాడు, చుట్టం సరిగ్గా తినలేదన్న నింద మాత్రం తన వంటింటి మీదే పడుతుంది.

మా వాళ్ళలో ఆ పదవి రాజమండ్రిలో ఉన్న మా మేనత్తది. గోదావరి జిల్లా మర్యాద, దానికి తోడు మేనల్లుడి మీద ప్రేమ. ఈ రెంటి మధ్యా ఇరుక్కున్నవాడికి సీలియాక్ జబ్బు కూడా ఉంటే ఎలా ఉంటుందో నన్ను చూసి తెలుసుకోవచ్చు.

గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో గ్లూటెన్ అని ఒక ప్రోటీను ఉంటుంది. అది లోపలికి వెళ్తే నా ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే నా చిన్నపేగు మీద పడుతుంది. పేగు లోపలి గోడ మీద పోషకాల్ని పీల్చుకునే విల్లై అనే సన్నటి మొలకలు అరిగి చదునైపోతాయి. ఇక ఏం తిన్నా ఒంటబట్టదు. ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా రక్తం పెరగకపోతే, చివరికి ఒక రక్తపరీక్ష చేసి, ఎండోస్కోపీలో పేగు ముక్క తీసి చూసి సంగతి తేల్చారు. దీనికి మందు లేదు. బతికున్నన్నాళ్ళూ ఆ ధాన్యాల్ని ముట్టకపోవడమే వైద్యం. ఈ జబ్బు మన దేశంలో గోధుమ తినే ఉత్తరాదిన ఎక్కువ, దక్షిణాదిన తక్కువ.

ఇదంతా విన్న అత్తయ్యకి ఆ ఆఖరి ముక్క ఒక్కటే చెవికెక్కింది. "అదీ సంగతి! పంజాబీవాళ్ళ జబ్బు నీకెందుకొస్తుందిరా? రిపోర్టులు తారుమారయ్యుంటాయి."

రిపోర్టులు తారుమారు కాలేదని నమ్మించాక, "సరే, చపాతీలు పెట్టనులే" అని ఒప్పుకుంది. ఒప్పుకుని బొబ్బట్టు వేసింది. పైపొర మైదా కదా అన్నాను. "మైదా గోధుమెలా అవుతుందిరా? తెల్లగా ఉంటుందిగా!" అంది. అత్తయ్య వ్యవసాయశాస్త్రం ప్రకారం మైదా కొట్లో పండుతుంది, సేమియా మిషన్లో పుడుతుంది, బొంబాయి రవ్వ బొంబాయి నుంచి వస్తుంది. తాపేశ్వరం కాజా అయితే ధాన్యమే కాదు, స్వీటు.

ఆ తర్వాత 'తీసేసి తిను' పద్ధతికి దిగింది. పెసరట్టు మధ్యలోంచి ఉప్మా తీసేసి అట్టు తినమంటుంది. పూరీలు వేయించిన మూకుట్లోనే గారెలు దింపి, "గారె అంటే మినప్పప్పేగా, నీ కోసమే చేశాను" అంటుంది. ఆ నూనెలో పూరీ పిండి నల్లగా మాడి తేలుతుంటే వేలితో చూపించాను. చిల్లుల గరిటెతో దాన్ని ఒడుపుగా పక్కకి తీసేసి, "ఇప్పుడేం కాదులే" అంది.

తిన్నాక కడుపు తిరగబడితే వైద్యం కూడా ఆవిడదే. చలవ చేస్తుందని గ్లాసు నిండా బార్లీ నీళ్ళు తెస్తుంది. నీరసంగా ఉన్నావంటూ పాలల్లో మాల్టు పొడి కలుపుతుంది. మాల్టంటే మొలకెత్తిన బార్లీయే. జబ్బూ మందూ ఒకే బస్తాలోంచి కొలిచి పోసే వైద్యురాలు ఇంకెక్కడా దొరకదు.

ఒకనాడు విసిగిపోయి, "పోనీ పులిహోర తింటావా? అందులోనూ గోధుమలున్నాయంటావా?" అని నిలదీసింది. నేను పోపుల డబ్బా పక్కనున్న ఇంగువ డబ్బా తీసి, వెనకవైపు చీమ తలకాయలంత అక్షరాలు చదివి వినిపించాను. అందులో ఇంగువ కంటే ముందు గోధుమపిండి ఉంది. అసలు ఇంగువ ఘాటు మనం తట్టుకోలేం కాబట్టి పిండీ జిగురూ కలిపి అమ్ముతారు. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని డబ్బా అటూ ఇటూ తిప్పింది. "ఇన్నేళ్ళూ పిండి కొన్నానన్నమాట!" అని షాపువాడి మీద మండిపడింది. నా పేగు సంగతి మాత్రం ఆ కోపంలో కొట్టుకుపోయింది.

"మా కాలంలో ఈ జబ్బులెక్కడివిరా?" అనేది ఆవిడ బ్రహ్మాస్త్రం. అత్తయ్య పుట్టకముందే, 1888లో లండన్లో శామ్యూల్ గీ అనే డాక్టరు ఈ జబ్బు లక్షణాలన్నీ రాసి, తిండితోనే కుదరాలన్నాడు. ఏ తిండితోనో ఆయనకి అంతుపట్టలేదు. హాలండ్లో విలెమ్ డికె అనే పిల్లల డాక్టరుకి గోధుమ మీద అనుమానం ఉండేది. 1944-45 చలికాలంలో జర్మన్ల దిగ్బంధంతో అక్కడ రొట్టె కరువై, జనం తులిప్ దుంపలు తిని బతికారు. ఊరంతా చిక్కి శల్యమైతే ఈ జబ్బు పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె తిరిగొచ్చాక జబ్బూ తిరిగొచ్చింది. డికె 1950లో దాని మీద సిద్ధాంతవ్యాసం సమర్పించాడు. ఈ కథంతా చెబితే అత్తయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పసిపిల్లలకి దుంపలా! ఒక్క బొబ్బట్టు పెట్టే దిక్కు లేకపోయిందా?"

అన్నవరం వెళ్తే ఇది ధర్మసంకటమవుతుంది. ఆ కొండమీది సత్యనారాయణస్వామి ప్రసాదం గోధుమ నూక, నెయ్యి కలిపి వండినది. ఆకు పొట్లం విప్పితే వచ్చే వాసనకి నాకూ నోరూరుతుంది. కళ్ళకద్దుకుని పక్కవాళ్ళకి ఇస్తుంటే అత్తయ్య మొహం పాలిపోయింది. "తుంగధ్వజ మహారాజు ప్రసాదం వద్దనుకుని ఏమయ్యాడో వ్రతకథలో వినలేదట్రా?" అంది. ఆయనకి తినకపోతే పోయింది, నాకు తింటే పోతుంది అన్నాను. చెంపలు వేసుకోమంది.

అసలు చిక్కంతా కొలతల్లో ఉంది. గ్లూటెన్ ఫ్రీ అని రాసుకోవాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన ఆహార భద్రతా సంస్థ నియమం. రోజూ 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ వెళ్ళినా కొన్నాళ్ళకి పేగు దెబ్బతింటుందని పరీక్షల్లో తేలింది. చిటికెడు మైదాలో ఇంచుమించు అంత ఉంటుంది. అత్తయ్య లెక్కలో చిటికెడంటే ఏమీ లేనట్టే. మూకుడు నిండా కూర వండి, "చిటికెడు వండానురా" అనే మనిషితో మిల్లీగ్రాముల మాటేం మాట్లాడతాం?

డికె వల్ల కానిది ఆవకాయ వల్ల అయింది. ఎండాకాలం, కొత్త ఆవకాయ కలిపి జాడీకి వాసెన కట్టి ఉంచింది. నేను అప్పుడే కడిగిన గరిటె పట్టుకుని వాసెన విప్పబోయాను. వీధి దాకా వినబడేలా కేకేసింది. "తడి గరిటెరా!"

"ఒక్క చుక్కేగా అత్తయ్యా, ఏం కాదులే."

"ఏం కాదేంట్రా? చుక్క తగిలితే చాలు, జాడీ జాడీ అంతా బూజెక్కిపోదూ!"

"పైపైన తీసేసి తింటే?"

"తీసేస్తే పోతుందా? లోపలంతా పాకేస్తుంది!"

"నా కడుపూ ఈ జాడీ లాంటిదే."

అత్తయ్య నా వంకా జాడీ వంకా మార్చి మార్చి చూసింది. "ఈ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా! గ్లూటెనూ గ్లూటెనూ అంటే నాకేం తెలుస్తుందిరా?" అని నన్నే కసిరింది.

ఇక ఆవిడని ఆపడం ఎవరి తరమూ కాలేదు. నాకు వేరే పెనం, వేరే మూకుడు, వేరే అట్లకాడ. అట్లకాడ పిడికి ఎర్ర దారం. గోధుమలాడిన మరలో బియ్యం పోస్తే ఆ పిండి ఈ పిండి కలుస్తుందని, అటక మీది తిరగలి దింపించింది. మామయ్య చపాతీ చేత్తో నా మంచినీళ్ళ చెంబు ముట్టుకుంటే చెంబు మళ్ళీ తోమించింది. పెళ్ళిళ్ళలో సరాసరి వంటల పందిట్లోకి వెళ్ళి ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చదువుతుంది. నా పేగు పరిస్థితిని ఆడపెళ్ళివారికీ మగపెళ్ళివారికీ సమానంగా పంచుతుంది. భోజనాల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళు నన్ను పట్టుకుని, "విల్లైలు మొలిచాయా బాబూ?" అని పరామర్శిస్తున్నారు.

మొన్న ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేయించుకుంటూ ప్రసాదానికి బియ్యప్పిండి వేయించింది. పురోహితుడు గారు ఆనవాయితీ కాదేమోనని నసిగారు. "మీరు చదివే కథలోనే ఉందండీ, గోధుమపిండి లేకపోతే బియ్యప్పిండి వాడొచ్చని" అంది. ఆయన పుస్తకం తిరగేశారు. నిజంగానే ఉంది. తుంగధ్వజుడి భయం లేకుండా దోసిలి పట్టి తిన్నాను. అత్తయ్య ఇంకోసారి వడ్డించింది.

ఈ మార్పు గోధుమ దాకానే. ప్రసాదానికి పక్కింటి మాస్టారు కూడా వచ్చారు. ఆయనకి షుగరు, అదీ మూడొందలు దాటిన షుగరు. అత్తయ్య ఆయన ముందు అరిసెల పళ్ళెం పెట్టింది. ఆయన చెయ్యి చాచలేక, చూపు తిప్పుకోలేక తటపటాయిస్తుంటే భుజం తట్టినంత పని చేసి ధైర్యం చెప్పింది.

"నిర్భయంగా తినండి మాస్టారూ. గోధుమ రవ్వంత కూడా లేదు, అంతా బియ్యప్పిండీ బెల్లమే!"