సటైవస్ అనే నేను

మీ వంటింట్లో నేను లేని పూట ఉండదు. అన్నంలో ఒరైజా సటైవాను, ముల్లంగి సాంబారులో రఫానస్ సటైవస్‌ను, పోపులో వేగే వెల్లుల్లిలో అల్లియం సటైవంను. ముగ్గురం కాదు, ఒక్క లాటిన్ విశేషణమే. ఇంగ్లిష్ పలుకుబడి అంటిన మీ బోటనీ మాస్టార్లు సటైవస్ అంటారు గానీ, రోములో నన్ను సతీవుస్ అనేవారు.

విత్తడం అనే అర్థమున్న ‘సెరెరె’ క్రియ నుంచి ‘సతుస్’ వచ్చింది, దానికి ప్రత్యయం చేరి నేను పుట్టాను. విత్తి పెంచినది అని నా అర్థం. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ అడవి మొక్కను సిల్వెస్ట్రిస్ అనీ, పెంచిన మొక్కను నా పేరుతోనూ చెప్పాడు.

తెలుగు ‘మంచి’ని చూస్తే నాకు అసూయ. మంచి కొడుకు, మంచి కూతురు, మంచి కొడుకులకు... ఎక్కడా కదలదు! నేను మాత్రం సంస్కృత విశేషణంలా విశేష్యం వెంటే నడవాలి. పుంలింగానికి సతీవుస్, స్త్రీలింగానికి సతీవా, నపుంసకానికి సతీవుమ్. షష్ఠిలో స్త్రీలింగానికి సతీవై, మిగతా రెంటికీ సతీవీ. ఒక్కచోట గజిబిజి: వెల్లుల్లి కర్తగా ఉన్నా, ముల్లంగి కర్మగా ఉన్నా నా రూపం సతీవుమే.

1753లో వృక్షశాస్త్రవేత్త లినేయస్ ‘స్పీసీస్ ప్లాంటారమ్’లో నన్ను చాలా పంటలకు తగిలించాడు. బాపట్ల సాంబ మసూరి తిన్నా మీరు తినేది ఒరైజా సటైవానే. విత్తకపోయినా గట్ల మీద మొలిచే గంజాయికీ నన్నే అంటగట్టాడు. ఇప్పుడు కొన్ని దేశాల్లో సటైవా అనగానే గంజాయే గుర్తొస్తుంది. అన్నానికి పెట్టిన పేరుకు ఇదేం ఖర్మ!

బఠాణీ (పైసం సటైవం) సంగతి ఇంకో రకం. జన్యు పరిశోధనలు చూసి కొందరు శాస్త్రజ్ఞులు దాన్ని పైసం నుంచి లాథైరస్ ప్రజాతిలోకి మార్చారు. లాథైరస్ పుంలింగం కనుక నేను సటైవస్‌నై వెంట వెళ్ళాలి. తీరా చూస్తే లాథైరస్ సటైవస్ అప్పటికే ఉంది: అదేపనిగా తింటే కాళ్ళు చచ్చుబడే ఖేసరి పప్పు. ఒక ప్రజాతిలో రెండు జాతులకు ఒకే పేరు కుదరదు. అందుకని బఠాణీకి ఒలెరేసియస్ అనే వేరే విశేషణాన్ని ఖాయం చేశారు. మెండెల్ పాఠంలో మాత్రం పిల్లలు ఇంకా పైసం సటైవం అనే రాస్తున్నారు, మార్కులూ దానికే పడుతున్నాయి.