ఇది జాతివివక్ష కాదు సుమండీ!

కడప జిల్లా ఎండ సమదర్శి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల నడుమ తిరుగు వర్తకుని, జమ్మలమడుగు నల్లరేగడిలో బుడ్డశనగ పీకు కూలిని, పులివెందుల చీనీతోటకు నీరు కట్టు రైతును అది ఒకే రంగునకు తెచ్చి విడిచిపెట్టును. ఇట్టి జిల్లాలో మనిషికిని మనిషికిని వివక్ష యెక్కడిదని అడుగువారిని మనము అమాయకులని నవ్వరాదు. ఏలయన ఇంచుమించు ఇదే వాదమును 2001వ సంవత్సరమున దక్షిణాఫ్రికాలోని డర్బను నగరమందు జరిగిన జాతివివక్షా వ్యతిరేక ప్రపంచసభలో సాక్షాత్తు భారత ప్రభుత్వము వినిపించినది. కులము జాతి కాదు. కావున కులవివక్ష జాతివివక్ష కాదు. కావున ఐక్యరాజ్యసమితికి ఇందు జోక్యము తగదు. పైగా మాకు కావలసినన్ని చట్టములు కలవు!

ఈ సిద్ధాంతము మా పల్లెల టీ అంగడివానికి తెలిసియుండిన ఎంత ఊరట చెందియుండునో! వానికి రంగుతో పనియే లేదు. కొత్తవాడెవడైనను బల్ల చెంతకు రాగానే "యా ఊరప్పా? ఇండ్లు యాడ?" అని రెండే ప్రశ్నలు వేయును. ఇండ్లు ఊరిలోనివో, ఊరిబయటివో తేలినంతనే, గాజుగ్లాసు అందింపవలెనో, చూరున వ్రేలాడు సత్తుగ్లాసును వానినే దించుకొనుమనవలెనో తేలిపోవును. నేడు కాగితపు కప్పు వచ్చి ఈ ప్రశ్నల అక్కర తగ్గించినది. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము సాధింపలేని దానిని ఒక కాగితపు కప్పు సాధించెనని సంతసింతుము గాక. కాని అది రెండు గ్లాసులను ఒకటి చేయలేదు, గ్లాసునే లేకుండ చేసినది. గుడి గడపకును, పెరటి బావికిని, పెండ్లిబంతికిని సరిపోవు కాగితపు కప్పును ఇంకను ఎవరును కనిపెట్టలేదు.

చరిత్ర కొంచెము చిలిపిది. 1946లో దక్షిణాఫ్రికాలోని భారతీయులకు జరుగుచున్న అవమానమును ఐక్యరాజ్యసమితి యెదుట పెట్టినది మన దేశమే. అది మా ఇంటి వ్యవహారమని అక్కడి స్మట్సు ప్రభుత్వము మొరపెట్టుకొనగా, ఆ మాట చెల్లదని వాదించి మనవారు సర్వప్రతినిధి సభలో నెగ్గిరి. ఏబదియైదేండ్లు గడచిన పిమ్మట అదే దక్షిణాఫ్రికా గడ్డమీద, స్మట్సుగారు పారవేసిపోయిన ఆ మొరనే దుమ్ము దులిపి మనవారు ధరించిరి. 1965 నాటి అంతర్జాతీయ జాతివివక్షా నిర్మూలన ఒడంబడికలో జాతి, వర్ణములతోపాటు వంశమునుబట్టి చూపు వివక్షను సైతము చేర్చవలెనని ప్రతిపాదించినదియు మన ప్రతినిధులే యగుట ఇందలి కొసమెరుపు. 2006 డిసెంబరు 27న ప్రధాని మన్మోహన్ సింగ్ ఢిల్లీలో అస్పృశ్యతకు సాటి దక్షిణాఫ్రికా వర్ణవివక్ష యొక్కటేయని పలికిరి. రెండు నెలలు తిరుగకమునుపే జెనీవాలో, ఆ ఒడంబడిక అమలును చూచు జాతివివక్షా నిర్మూలన సమితి యెదుట, మన న్యాయకోవిదులు రెంటికిని పోలిక లేదని వాదించిరి. విమానమెక్కినంతనే సత్యము మారునేమో!

ఇక చట్టములందురా, వానికి కొదువ లేదు. జనులు అట్రాసిటీ చట్టమని పిలుచుకొను 1989 నాటి శాసనము క్రింది కేసును డి.ఎస్.పి. స్థాయి అధికారియే దర్యాప్తు చేయవలెను; ప్రొద్దుటూరునను, జమ్మలమడుగునను, పులివెందులనను డి.ఎస్.పి.లు కలరు. జిల్లా కలెక్టరు మూడు నెలలకొకసారి, ముఖ్యమంత్రి జనవరి, జూలై మాసములలో సమీక్షింపవలెనని 1995 నాటి నియమములు చెప్పుచున్నవి. ఆ ముఖ్యమంత్రి పీఠమును పులివెందుల శాసనసభ్యులే, తండ్రియు కొడుకును, అలంకరించిరి. నెలకొకసారి పల్లెలో సివిల్ రైట్స్ డే జరుపుదురు: తహశీల్దారు, ఎస్.ఐ. కుర్చీలపై కూర్చుందురు, అందరును సమానులని చెప్పుదురు, ఫోటో తీయింతురు, జీపెక్కుదురు. మరునాడు ధైర్యము చేసి ఫిర్యాదు ఇచ్చినవానికి సాయంత్రమునకు 'కౌంటర్ కేసు' సిద్ధము. ఆ పిమ్మట పెద్దమనుషులు వచ్చి "రాజీ అయిపోండప్పా, ఊర్లో బతకాల్సినోళ్లు" అందురు. బెదిరింపును ఇంత వాత్సల్యముతో పలుకుట మా సీమవారికే చెల్లును.

చట్టము అసలు కదలదనుటయు అన్యాయమే. 2020 డిసెంబరులో పులివెందుల నియోజకవర్గమందు ఒక దళితస్త్రీ హత్యకు గురికాగా, న్యాయము చేయుడని ప్రతిపక్షమువారు 'ఛలో పులివెందుల' యనిరి. అట్రాసిటీ చట్టము వెంటనే మేల్కొని, ఆందోళనకు వచ్చినవారి మీదనే కేసుగా మారినది. వారిలో ఒక శాసనమండలి సభ్యుని 2021 జనవరి తొలినాళ్లలో చెన్నై విమానాశ్రయములో పట్టుకొనిరి. ఆ ఫిర్యాదు నిజానిజములు న్యాయస్థానమెరుగును. ఆ వేగము మాత్రము లోకమెల్ల ఎరుగును. సత్తుగ్లాసు దించుకొన్నవాని ఫిర్యాదు కొరకు ఏ పోలీసు విమానాశ్రయము దాక పోయెను?

లేని వివక్షకు ఇన్ని చట్టములేల, ఉన్న వివక్షను జెనీవాలో దాచుటయేల అను ప్రశ్నకు ప్రభుత్వము తీరికగా, లిఖితపూర్వకముగా బదులీయవచ్చును. అవకాశము చేతిలోనే యుండినది. ఆ జెనీవా వాదము పిమ్మట జాతివివక్షా నిర్మూలన సమితికి మన దేశము సమర్పింపవలసియుండిన తదుపరి నివేదిక గడువు 2010 జనవరి 4.